సంతకం పెట్టే ముందు సంఘంలో చదువుదాం



మా సంఘంలో ఒక అక్క అప్పు తీసుకొని వెంచర్‌లో ప్లాటుకు బయానా ఇచ్చింది. గడువులోపల మిగతా పైసలు కట్టకుంటే బయానా వాపసు రాదని కాగితంలో రాసి ఉంది. మేమెవ్వరం చదవలేదు. బయానా పోయింది, అప్పు మిగిలింది.

అప్పటి నుంచి మేము ఒక కట్టుబాటు చేసుకున్నాం. కాగితం నకలు తెచ్చుకొని, మీటింగులో అందరికీ వినబడేటట్టు చదివినంకనే సంతకం. సర్వే నంబరు, హద్దులు, గజాలు, మొత్తం ధర, గడువు, రద్దయితే పైసల సంగతి చూస్తాం. ఖాళీలున్న కాగితం మీద వేలిముద్ర వేయం. ఈసీ తీయించి, ఆ జాగ ఇంతకుముందే ఎవరికన్నా అమ్మిండ్రా, తాకట్టు పెట్టిండ్రా అని చూస్తాం.

500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ అయితే 2016 రెరా చట్టం కింద నమోదై ఉండాలె. అట్లాంటి వెంచర్‌లో అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ కాకముందు ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోవద్దు. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు కొన్న భూమి చెల్లదు.

"ఇయ్యాలనే సంతకం పెట్టు" అని తొందరపెట్టేటోళ్లకు ఒక్కటే మాట చెప్పుదాం: "మా సంఘంల చదివి చెప్తం."