కుట్టు సెంటర్ తగువు ఎట్లా తీరింది



పోయిన వేసవిలో మా కుట్టు సెంటర్ పదకొండు రోజులు మూతబడిన సంగతి మీకు తెలుసు. ఎందుకో మాత్రం తలా ఒక రకంగా చెప్పుకున్నరు. జరిగింది ఇది. బడి యూనిఫాం చొక్కాలు 36 చేతులు పొట్టివై వాపసు వచ్చినయి. కుట్టినామె కూలి ఆపేసినం. ఆపింది మేమే, ఎవరినీ అడగకుండా. "ఇచ్చిన ముక్క కుట్టిన, కోసింది నేను కాదు" అని ఆమె. "పదేళ్లలో నా కత్తెరకు వంక రాలేదు" అని కటింగ్ అక్క. మిగతావాళ్లు రెండు పక్షాలైనరు, మిషన్లు ఆగినయి.

మొదట అందరినీ ఒకేసారి కూర్చోబెట్టినం. అదే మా తప్పు. పెండ్లినాటి మాటలు కూడా బయటికొచ్చినయి! రెండోసారి ఇద్దరితో విడివిడిగా మాట్లాడినం. మా కార్యదర్శి కటింగ్ అక్కకు ఆడబిడ్డ, అందుకని తనే పక్కకు జరిగింది. పక్క గ్రామ సంఘం అధ్యక్షురాలిని పిలిచినం. ఆమె తీర్పు చెప్పలేదు. "బట్ట ఎట్లా పరిచిన్రో ఒకసారి పరిచి చూపించండి" అన్నది. పరిచి చూస్తే తెలిసింది, పొరలు మరీ ఎక్కువ వేసి కోసినం, కింది పొరలు జరిగినయి. ఆ తొందర పెట్టింది మేమే.

కూలి మొత్తం ఇచ్చేటట్టు, కొత్త చేతుల బట్ట ఖర్చు సెంటర్ లాభంలోంచి పెట్టేటట్టు, కటింగ్ అక్క కూలి లేకుండా కోసిచ్చేటట్టు ఒప్పుకున్నరు. తీర్మానాల పుస్తకంలో రాసి, చదివి వినిపించి, సంతకాలు తీసుకున్నం.

అన్నిటికీ ఈ పద్ధతి పనికిరాదు. పనిచోట ఎవడన్నా చెయ్యి వేస్తే మనం రాజీ చేయొద్దు. 2013 చట్టంలో బాధపడ్డ ఆడమనిషి తానుగా అడిగితేనే రాజీ ప్రయత్నం, అదీ డబ్బు మీద కాదు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైతే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. బయటి యజమాని కూలి ఎగ్గొడితే న్యాయ సేవల నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా న్యాయ సహాయం ఉచితం.

ఆ ఇద్దరూ ఇంకా కలిసి టీ తాగుతలేరు. కానీ ముక్కలు చేతికి చేయి అందించుకుంటున్నరు. ఎన్ని పొరలు పరచాలో గోడ మీద రాసి పెట్టినం.