సాగరగర్భమున నొక యువకుని కర్తవ్యనిష్ఠ



నీటిపై తేలు నోడ యందఱకును తెలిసినదే. నీటియడుగున మునిగి వారముల తరబడి సంచరించు నోడను జలాంతర్గామి యందురు. అట్టివానిలో కొన్ని, వేయిమైళ్లకు మించిన దూరమున నున్న నగరములను భస్మము చేయగల క్షిపణులను కడుపున దాచుకొని తిరుగును. శత్రువు కంటబడకుండుటయే వాని బలము. సోవియట్ రాజ్యమువారి కె-219 అను నౌక యట్టిది. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఈ నౌక 1971వ సంవత్సరమున సేవలో ప్రవేశించెను. దాని పొడవు 400 అడుగులకు మించినది. అందు క్షిపణులను నిలుపు గొట్టములు 16, నౌకను నడుపుటకు అణు రియాక్టర్లు 2 ఉండెను. 1973లో నొక గొట్టమున ప్రమాదము జరుగగా దానిని శాశ్వతముగా మూసివేసి, తక్కిన 15 గొట్టములతోనే నౌకను సముద్రమునకు పంపుచుండిరి.

1986 అక్టోబరు 3వ తేదీన నది అట్లాంటిక్ మహాసముద్రమున, బెర్ముడా దీవులకు ఈశాన్యముగా కొన్ని వందల మైళ్ల దూరమున నుండెను. ఆఱవ గొట్టములోనికి ఉప్పునీరు చొచ్చి క్షిపణి యింధనముతో కలిసెను. విషవాయువు పుట్టెను, గొట్టము ప్రేలెను, ముగ్గురు మరణించిరి. చెఱువుకట్ట తెగుటకు ఎండ్రకాయబొక్క చాలునని పెద్దలైన మీరెఱుగనిది కాదు.

కెప్టెన్ ఇగోర్ బ్రిటానోవ్ నౌకను నీటిపైకి తెచ్చెను. కాని యంతకంటె ఘోరమైన యాపద రియాక్టరునందు కాచుకొనియుండెను. పొయ్యిలోని కట్టెలను వెనుకకు లాగి మంట తగ్గించునట్లు, రియాక్టరులో కొన్ని కడ్డీలను దింపి యణువుల వేడిమి నణతురు. తమంతట దిగవలసిన యా కడ్డీలు దిగలేదు. చెర్నోబిల్ రియాక్టరు ప్రేలి యప్పటికి ఆఱునెలలైనను కాలేదు. ఇక చేతితో త్రిప్పి దింపుట తప్ప గత్యంతరము లేకపోయెను.

లెఫ్టినెంటు నికొలయ్ బెలికోవ్, సెర్గెయ్ ప్రెమినిన్ అను నావికుడు ఆ పనికి పూనుకొనిరి. దుర్భరమైన వేడిమికి బెలికోవ్ సొమ్మసిల్లెను. ప్రెమినిన్ వోలోగ్దా ప్రాంతపు పల్లెటూరివాడు. వయస్సు 20 సంవత్సరములు. అతడొంటరిగా మరల లోనికి బోయి కడపటి కడ్డీని దింపెను. రియాక్టరు చల్లాఱెను. కాని వాయుపీడనభేదముచే తలుపు బిగిసి తెఱవరాకపోయెను. ఆవలినుండి తోడివారెంత ప్రయత్నించినను ఫలింపలేదు. అతడచ్చటనే ప్రాణములు విడిచెను.

తక్కిన సిబ్బందిని సోవియట్ వర్తకనౌకలు చేర్చుకొనెను. అక్టోబరు 6వ తేదీన కె-219, క్షిపణులతో గూడ, సుమారు 18,000 అడుగుల లోతున మునిగిపోయెను. 1997లో రష్యా ప్రభుత్వము ప్రెమినిన్‌కు మరణానంతరము 'రష్యా వీరుడు' అను బిరుదము నొసగెను.

ఆర్యులారా, నగరములను కాల్చగల యంత్రమును నిర్మించుటకు మహామేధావులు కావలసివచ్చిరి. అది చెడిన దినమున విషకిరణములు సముద్రమును ముంచకుండ నాపినది మాత్రమొక పల్లెటూరి పిల్లవాని చేయి. అతని ధర్మనిష్ఠకు మనము చేతులు జోడింపవలసినదే. అయినను ఇరువదియేండ్ల బిడ్డపై నింతటి భారము మోపు నాయుధములను నిర్మించుట రాజధర్మమగునా యని యడుగుట వృద్ధులమైన మన విధి. ఏ దేశపు బిడ్డయైనను నొక తల్లి బిడ్డయే గదా!