గేదె ఎందుకు చేపదు?

కంకిపాడు వైపో, గుడివాడ వైపో, తెల్లవారుజామున పశువుల పాకలో ఒక మాట వినిపిస్తుంది. "ఇవాళ గేదె చేపలేదమ్మా!" కొల్లేటి చేప సంగతి కాదండోయ్, పాల సంగతి.

రోజూ పితికే మనిషి ఊరెళ్లాడు. కొత్త చెయ్యి పడింది. పాలు దిగలేదు. ఇది మొండితనం కాదండీ, భయం. దూడ పొదుగు కుమ్మినా, తెలిసిన చెయ్యి తగిలినా గేదె మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అప్పుడే పాలు చేపుకొస్తాయి. బెదిరితే ఆ పని ఆగిపోతుంది. తిడితే, కొడితే ఇంకా బిగబడుతుంది. మళ్లీ చెబుతున్నా, అది భయం.

ఇదంతా చదువుకోవచ్చా? గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. అందరం అక్కడ చేరలేం కదా! మన తీరికను బట్టి నేర్చుకునే ఆన్‌లైన్ పాఠాలున్నాయి. జంతువుల ప్రవర్తన మీద ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం అలాంటి కోర్సే తయారుచేసింది. నన్నడిగితే మాత్రం మొదటి పాఠం పాకలోనే. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎవరు పితికారు? దూడను ముందు వదిలారా? ఏం చప్పుడైంది? ఎంతసేపటికి చేపింది? 15 రోజులు రాయండి చాలు. కొత్త మనిషి పితకాల్సి వస్తే, నాలుగు రోజుల ముందు నుంచే ఆ చేత్తో మేత వేయించండి.