రౌండ్ తిరిగిన ప్రతిసారీ లెక్కలోకి రావాలె



2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలైనయ్. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు చెప్పిండ్రు. టీవీ లేని ఇంట్లో ఫోనే బడి అయ్యింది. ఖమ్మం నుంచి భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుకు పోతే సిగ్నల్ దొరికే చోటు వెతుక్కోవాలె. కరోనా పోయినా పోటీ పరీక్షల క్లాసులు ఇప్పటికీ ఫోన్లోనే వింటున్నం. మధ్యలో తెర మీద ఆ రౌండ్ తిరుగుతనే ఉంటది.

అదేందో ముందు తెలుసుకుందాం. వాగులో చెలమను గుర్తు తెచ్చుకోండి. ఊరే నీళ్లకన్నా తోడేది ఎక్కువైతే చెలమ ఎండుతది. ఫోన్ కూడా వీడియోలో రాబోయే కొన్ని సెకన్లను ముందే తెచ్చి దాచుకుంటది. అదే బఫర్. నెట్ నెమ్మదించి ఆ నిల్వ అయిపోతే బొమ్మ ఆగుతది.

ఆగిన సంగతి యాప్‌కు తెలుస్తది. ఆండ్రాయిడ్ మీడియా ప్లేయర్‌లో బఫరింగ్ మొదలైతే 701, అయిపోతే 702 అని సంకేతం వస్తది. యాప్‌లో యూట్యూబ్ ప్లేయర్ పెడితే, మనం ఆపినప్పుడు 2, బఫరింగ్‌లో ఉన్నప్పుడు 3 అని చెప్తది. అంటే పిల్లోడే ఆపిండా, నెట్ లేక ఆగిందా అనేది విడదీయొచ్చు. వీడియోను ముందుకు జరిపినప్పుడు వచ్చే ఆగుడును తీసేసి, మిగిలింది ఎన్నిసార్లు, ఎన్ని సెకన్లు అని లెక్కపెట్టొచ్చు. ఎంతమంది చూసిండ్రో చెప్పేవాళ్లు, ఎంతమందికి ఆగిందో కూడా చెప్పాలె.

ఇక్కడో చిక్కుంది. నెట్ అసలే లేని గూడెం నుంచి ఆ లెక్క సర్వర్‌కు చేరదు. లెక్కలో లేని ఊరికి ఇబ్బందే లేదనుకుంటరు. అందుకే యాప్ ఆ లెక్కను ఫోన్లోనే రాసిపెట్టి, సిగ్నల్ దొరికినప్పుడు పంపాలె. పిల్లల పేర్లు, నంబర్లు వద్దు, ఊరి పేరు చాలు. పదేపదే ఆగితే వీడియో తక్కువ క్వాలిటీకి మారాలె, డౌన్‌లోడ్ చేసుకునే వీలుండాలె.

అడవిలో లైన్ వెయ్యనియ్యరు అంటే దానికీ జవాబుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వొచ్చు. బడి, ఆస్పత్రితో పాటు కరెంటు, టెలికమ్యూనికేషన్ లైన్లు కూడా అందులో ఉన్నయ్. ఒక్కోదానికి హెక్టారు లోపు భూమే తీసుకోవాలె, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలె. అంటే మన గ్రామసభ మాట లేకుండా అది జరగదు.

యాప్‌లు మారేదాకా ఆగొద్దు. ప్రతి ఊర్లో ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైం, కూర్చున్న చోటు, ఏ పాఠం, ఎన్ని నిమిషాలు ఆగింది రాయండి. నెల తర్వాత గ్రామసభలో చదివి, తీర్మానం చేసి ఐటీడీఏకు ఇయ్యండి. ఉత్తగ నెట్ రాదంటే విని ఊరుకుంటరు. తేదీలతో కాగితం ముందు పెడితే, దాని మీద జవాబు అడిగే హక్కు మనకుంటది.

జై ఆదివాసీ!