కోలాటము నడుపువారు

ఉదయగిరి, ఆత్మకూరు, మర్రిపాడు ప్రాంతములు నెల్లూరు జిల్లా మెట్టసీమ. ఇచ్చట తిరునాళ్ళ రాత్రి కోలాటము సాగునపుడు అందరి కన్నులును కోలలపైననే యుండును. వలయము నడుమ తాళములు చేతబట్టి నిలిచిన మనిషిని మనము అంతగా గమనింపము. ఆయనే గురువు. కొందరు పంతులనియు, అయ్యవారనియు పిలుతురు. ఆయనను గురించియే మేము నేడు ముచ్చటింపదలచినాము.

కోలాటమునకు ఇద్దరిద్దరు జత కావలెను. ఆ జతకు ఉద్ది యని పేరు. లోవరుసవారును వెలివరుసవారును ఎదురెదురుగా తిరుగుచు ఒకరి కోలను మరియొకరు తాకింతురు. ఒక్కొక్క అడుగుల తీరు ఒక్కొక్క కోపు. గురువు పాట నెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. చరణము ముగియవచ్చు సమయమున ఆయన ఒక కేక వేయును, లేదా ఈల యూదును. మరుదెబ్బకు కోపు మారవలెను. ఆ కేక ముందైనచో పాట తెగును. వెనుకైనచో కోల వచ్చి ప్రక్కవాని వ్రేళ్ళపై పడును. ఆ బాధ పడినవారికే యెరుక!

జడకోలాటము మరియు కష్టము. పైనుండి వ్రేలాడు రంగుత్రాళ్ళను తలకొకటి ఒకచేత పట్టి, రెండవచేత కోల నాడించుచు జడ యల్లుదురు. అల్లుటకంటె విప్పుట చిక్కు. వచ్చిన దారినే మరలవలెను. ఒక్కరు ఒక్క యడుగు తప్పినను ముడి బిగియును. అప్పుడు ఎవరి త్రాడు ఎవరి క్రిందుగా పోవలెనో పేరు పెట్టి పిలిచి చెప్పవలసినవారు గురువే.

ఇది పాతకళ. హంపిలో మహర్నవమి దిబ్బ శిల్పములందు కోలలు పట్టి ఆడువారు కలరు. ఆ నగరికిని మన సీమకును చుట్టరికము లేకపోలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును జయించి, ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపికి కొనిపోయి ప్రతిష్ఠించినాడు. శిల్పికి కోలలు చిక్కినవి. కేకను రాతిలో చెక్కుట యెట్లు?

నేడు ఊరూర స్త్రీల కోలాట బృందములు వెలసినవి. తిరుమల బ్రహ్మోత్సవములలో వాహనసేవల ముందు అవి యాడుట చూచినవారికి సంతోషము కలుగును. అయితే పలుచోట్ల గురువు గొంతునకు బదులు రికార్డు పాట మ్రోగుచున్నది. రేడియోలో మాటలాడుచు యంత్రమును తప్పుపట్టుట మాకు తగదేమో! కాని యంత్రము, ఆడువారు అలసిరని కాలము తగ్గింపదు. ఒక ఉద్ది తడబడినదని పల్లవిని మరల నెత్తుకొనదు. గురువు ఈ రెండును చేయును, చూచువారికి తెలియకుండ చేయును. పొలము పనులు ముగిసిన రాత్రులలో నెలల తరబడి నేర్పి, గజ్జెపూజనాడు కొత్తబట్టలును, శిష్యులు కూర్చిన కట్నమును పుచ్చుకొని వెడలిపోవును.

తిరునాళ్ళలో పోటీలు జరుపు పెద్దలకు మా మనవి యొకటి. బహుమానముల పట్టీలో బృందము పేరు ప్రక్క గురువు పేరును, ఊరును వ్రాయుడు. ఆట ముగిసినపిమ్మట ఆయనను కూర్చుండబెట్టి, ఏ కోపున కేమి పేరో, దేని తరువాత ఏది వచ్చునో, ఏ మాటతో మార్చునో అడిగి, ఆయన గొంతుతోనే రికార్డు చేసికొనుడు.