శిక్షణలో రాలిన యువకులు
(అమృతలూరు సభలో చేసిన ప్రసంగపాఠము)



రణములో శత్రువుచేత మడిసినవానిని వీరుడని కొనియాడుదుము. రణవిద్య నేర్చుకొనుచు మడిసినవానిని మఱచిపోవుదుము. ఇది న్యాయమా యని మిమ్ము నడుగవచ్చినాము.

1939 సెప్టెంబరు 3వ తేదీన పరప్రభుత్వము మన ప్రజాప్రతినిధుల నడుగకయే ఈ దేశమును యుద్ధములోనికి దింపినది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వైచినవి. మీ తీరమునకును భయము ప్రాకినది. ఆ యుద్ధము మనది కాదని వాదింపవచ్చును. అందు చేరిన బాలుడు మనవాడు కాడని మాత్రము అనలేము.

ఆ దినములలో హైదరాబాదు బేగంపేటలో వైమానిక విద్యకు ప్రాథమిక పాఠశాల నడచెను. అచ్చటి టైగర్ మాత్ విమానమునకు ఱెక్కలు కొయ్యవి. వానిపై గుడ్డ కప్పబడియుండును. గురువు ముందును, శిష్యుడు వెనుకను కూర్చుందురు. ముక్కు మిక్కిలి పైకెత్తి వేగము తగ్గెనా, ఱెక్కలకు మోయు బలము పోవును. విమానము గిరగిర తిరుగుచు క్రిందికి జారును. ఆకాశమున నెత్తుగా నున్నచో సరిదిద్దుకొన వ్యవధి కలదు. నేలకు చేరువగా మలుపు తిరుగునపుడు ఆ వ్యవధి లేదు. ఒక్క క్షణపు పొరపాటునకు మూల్యము ప్రాణము!

ఇట్టి మరణములు స్వల్పములు కావు. బ్రిటిషు బాంబరు దళమున మడిసిన 55,000 పైచిలుకు మందిలో 8,000కు పైగా శత్రువు చేతిలోగాక శిక్షణలోను, ప్రమాదములలోను పోయిరి. అమెరికాలో స్వదేశపు గడ్డమీదనే సుమారు 15,000 మంది వైమానికులు కూలిరి. యుద్ధపు తొందర, అనుభవలేమి, ప్రతికూల వాతావరణము కలసి వారిని బలిగొన్నవి. కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంఘము సేవలో నుండి మరణించిన యిట్టివారిని రణమృతులతో సమానముగనే స్మరించుచున్నది. ఆ సమదృష్టి మనకును వలయును.

ఈ గండము యుద్ధముతో తీరలేదు. 2023 డిసెంబరు 4వ తేదీన దుండిగల్ వైమానిక అకాడమీనుండి లేచిన పిలేటస్ శిక్షణవిమానము తూప్రాను చెంత కూలి, గురుశిష్యు లిరువురును అసువులు బాసిరి. అది శాంతికాలము!

కావున మా మనవి యొక్కటే. “విధి” యని నిట్టూర్చి ఊరకుండకుడు. విధి పేరు చెప్పినచోట విచారణ నిలిచిపోవును. ప్రతి ప్రమాదమునకును కారణము వెదకవలయును. కనుగొన్నది తల్లిదండ్రులకు దాపఱికము లేక తెలుపవలయును. తరువాత నెక్కు బాలునికి పాఠముగా చెప్పవలయును. పోయినవాని పేరును, వాడు పోయిన కారణమును రెండింటిని జాతి గుర్తుంచుకొన్ననాడే వాని ఋణము తీరును.