జుబేదా తవ్వించిన కాలువ

నీళ్ల కష్టం ఏమిటో మీకు ఒకరు చెప్పాలా? బిందె నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్లే మీలో చాలామంది. ఈ రోజు నీళ్ల కోసం పాటుపడిన ఒక రాణి సంగతి చెబుతాను. ఆమె పేరు జుబేదా.

ఇది పన్నెండు వందల ఏళ్ల కిందటి మాట. ఇరాక్ దేశంలో బాగ్దాద్ నగరం ఉంది. దాన్ని కట్టించిన మన్సూర్‌కు ఈమె మనవరాలు. ఖలీఫా హారూన్ రషీద్‌కు భార్య. ఖలీఫా అంటే అప్పటి ముస్లింల రాజ్యానికి పెద్ద.

ముస్లింలు హజ్ యాత్రకు మక్కా వెళతారు గదా. ఆ రోజుల్లో బస్సులు లేవు, విమానాలు లేవు. ఇరాక్‌లోని కూఫా ఊరి నుంచి మక్కాకు దాదాపు 1,400 కిలోమీటర్లు. చాలావరకు ఎడారే. కొందరు ఒంటెల మీద, కొందరు కాలినడకన పోయేవారు. దారిలో బావి ఎండితే ప్రాణం పోయినట్టే. మక్కా చేరినా నీళ్లకు కటకటే. ఒక తోలుతిత్తి నీళ్లకు ఒక దీనారు, అంటే బంగారు నాణెం, అడిగిన రోజులున్నాయట. బీదవాడు ఎక్కడ తెస్తాడు?

జుబేదా తన సొంత డబ్బు తీసింది. ఆ దారి పాతదే. దాని పొడుగునా ఆమె బావులు తవ్వించింది, చెరువులు కట్టించింది, సత్రాలు వేయించింది. అందుకే దానికి జుబేదా దారి అని పేరు వచ్చింది. ఆ చెరువుల పనితనం చూడండి. వాన పడితే వాగు నీరు ముందు ఒక చిన్న తొట్టిలోకి వస్తుంది. ఇసుక, మట్టి అక్కడే అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీరు పెద్ద చెరువులోకి పోతుంది. బురదనీళ్లు బిందెలో తేర్చి మనం వంచుకోమూ, అలాగే! వాటిలో కొన్ని సౌదీ అరేబియాలో నేటికీ ఉన్నాయి.

మక్కాకు కొండల నుంచి కాలువ తేవాలంటే రాయి తొలవాలి. చాలా ఖర్చవుతుందని పని చూసే పెద్ద జంకాడట. గునపం దెబ్బకు ఒక దీనారు అయినా సరే, తవ్వమంది జుబేదా. మధ్య మధ్య మరమ్మతులు చేసుకుంటూ ఆ కాలువ వెయ్యేళ్లకు పైగా నీళ్లిచ్చింది.

లెక్కల కాగితాలు తెస్తే ఆమె నదిలో వేయించిందని ఒక కథ ఉంది. లెక్క దేవుడే చూసుకుంటాడందట. కథ బాగానే ఉంది. నాకు మాత్రం ఆ కాగితాలు మిగిలి ఉంటే బాగుండుననిపిస్తుంది. రాయి కొట్టిన కూలీకి ఎంత ఇచ్చారో మనం చదువుకునేవాళ్లం.

రాణి అయినా దుఃఖం తప్పలేదు. 809లో భర్త పోయాడు. గద్దె కోసం సవతి అన్నతో జరిగిన పోరులో కొడుకు అమీన్ 813లో చంపబడ్డాడు. ఆమె 831లో బాగ్దాద్‌లో కన్నుమూసింది. ఆ కాలువను అరబ్బీలో ఐన్ జుబేదా అంటారు. ఐన్ అంటే నీటి ఊట. కంటికి కూడా వాళ్లు అదే మాట వాడతారు.